సీసా మీద పేరు అదే, యజమాని మారాడు: బీరు అభిమానం గురించి

మీరు అడిగిన ప్రశ్నను నాకు అర్థమైనట్టుగా ముందు చెప్పుకుంటాను. బెంగళూరులో మీకు ఇష్టమైన ఒక చిన్న బ్రూవరీని (బీరు కాసే సంస్థను) ఈ మధ్య పెద్ద కంపెనీ కొన్నదని, ఆ వార్త వచ్చిన రోజు నుంచి మీ స్నేహితులు ఆ బీరును ముట్టుకోవడం లేదని, మీకు మాత్రం రుచిలో తేడా ఏమీ తెలియడం లేదని, అలాంటప్పుడు మానేయడం సబబా కాదా అని అడిగారు. దానితో పాటు, గుంటూరు అరండల్‌పేటలో ఉండే మీ బాబాయిగారు ముప్పై ఏళ్లుగా నాకౌట్ తప్ప మరో బీరు తాగరని, ఆయన అభిమానానికీ మీ స్నేహితుల పంతానికీ తేడా ఏమిటని కూడా అడిగారు. నేను విజయవాడలో పదకొండేళ్లు ఒక బీరు కంపెనీకి అమ్మకాల పని చేసి, ఆ తర్వాత పదిహేనేళ్లు ఏలూరు రోడ్డులో ఒక బార్ అండ్ రెస్టారెంట్ నిర్వహణ చూశాను. సీసాను అమ్మే వైపు నుంచీ, మూత తీసి ఇచ్చే వైపు నుంచీ రెండింటినీ చూసినవాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం. పెద్ద కంపెనీ ఒక చిన్న బ్రాండును కొన్నప్పుడు మొదటి దెబ్బ ఆ బ్రాండుకు తగలదు, కొనుగోలుకు నోచుకోని మిగతా చిన్న బ్రాండ్లకు తగులుతుంది. రుచి మారిందా లేదా అని అందరూ గ్లాసులోకి చూస్తూ ఉంటారు గాని, అసలు మార్పు బారులోని ఫ్రిజ్‌లో జరుగుతుంది. ఈ మాటను ఎందుకు అంటున్నానో చెప్పాలంటే ముందు మీ బాబాయిగారి దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

ఇద్దరు బాక్సర్ల బొమ్మ ఉన్న ఆ నాకౌట్ సీసా చరిత్ర మీ బాబాయిగారికి తెలుసో లేదో నాకు తెలియదు. అది మొదట మైసూర్ బ్రూవరీస్ అనే కంపెనీది. 2001లో, దక్షిణాఫ్రికాలో పుట్టి అప్పటికే లండన్ కేంద్రంగా నడుస్తున్న సౌత్ ఆఫ్రికన్ బ్రూవరీస్ ఆ కంపెనీని చేజిక్కించుకున్నది. ఆ సంస్థ మరుసటి ఏడాది అమెరికా మిల్లర్‌ను కొని శాబ్‌మిల్లర్ అయింది. 2016 అక్టోబరులో శాబ్‌మిల్లర్‌ను బెల్జియం కేంద్రంగా ఉన్న ఏబీ ఇన్‌బెవ్ పది వేల కోట్ల డాలర్లకు పైగా చెల్లించి కొనేసింది. అంటే ఆయన అదే బారులో, అదే టేబుల్ దగ్గర, అదే సీసాను తాగుతూ ఉండగా దాని యజమాని బెంగళూరు నుంచి లండన్‌కు, చివరికి బెల్జియంకు మారాడు. హేవర్డ్స్ 5000 తాగేవాళ్లదీ ఇదే కథ: షా వాలెస్ నుంచి శాబ్‌మిల్లర్‌కు, అక్కడి నుంచి ఏబీ ఇన్‌బెవ్‌కు. కింగ్‌ఫిషర్ తాగేవాళ్లు దానిని మన దేశపు బీరుగానే భావిస్తారు, కాని 2021 జూన్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన హైనెకెన్, కింగ్‌ఫిషర్‌ను తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్‌లో తన వాటాను 61.5 శాతానికి పెంచుకుని యాజమాన్యాన్ని చేతిలోకి తీసుకున్నది. ఆ వారం మా బారులో ఒక్క మనిషి కూడా ఆ సంగతి ప్రస్తావించలేదు. కేఎఫ్ అడిగినవాళ్లు ఎప్పటిలాగానే కేఎఫ్ అడిగారు.

దీనిని బట్టి మనవాళ్ల అభిమానం గుడ్డిదని అనుకోవద్దు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. మద్యానికి నేరుగా ప్రకటనలు ఇవ్వడానికి వీల్లేని దేశం మనది. మంచినీళ్ల పేరుతోనో సోడా పేరుతోనో క్యాలెండర్ పేరుతోనో బ్రాండును చూపించవచ్చు గాని, ఈ బీరు ఇలా ఉంటుందని టీవీలో చెప్పడానికి లేదు. కాబట్టి ఆటోనగర్ మెకానిక్‌కు తన బ్రాండును ప్రకటన నేర్పదు. అతనికి పని నేర్పిన మేస్త్రీ మొదటి జీతం రోజున తాగించిన సీసా నేర్పుతుంది. మిర్చి యార్డులో లావాదేవీ ముగిసిన సాయంత్రం కమీషన్ వ్యాపారి ఏ బీరు తెప్పిస్తాడో, ఆ టేబుల్ దగ్గర కూర్చున్న గుమస్తాకు అదే బ్రాండు అవుతుంది. మరొక కారణం ఇంకా బలమైనది, అది భయం. 1993లో సారా నిషేధం, 1995లో పూర్తి మద్య నిషేధం, 1997లో దాని సడలింపు చూసిన తరం మనది. ఆ మధ్యలో గ్రామాల్లో ఏమేమి తాగారో, ఎవరెవరు ఆసుపత్రుల పాలయ్యారో మా వయసు వాళ్లకు గుర్తుంది. కల్తీ సరుకు ప్రాణం తీస్తుందని కళ్లారా చూసిన మనిషికి తెలిసిన సీసా, తెలిసిన మూత, తెలిసిన లేబుల్ అంటే రుచి కంటే ముందు భద్రత. మీ బాబాయిగారు బాక్సర్ల బొమ్మను చూసి తాగడంలో ఈ నమ్మకం వాటా చాలా ఉంటుందని నేను అనుకుంటున్నాను.

రుచి వాటా ఎంత అంటే, నేను చూసినంతలో తక్కువే. ఒక వేసవి మధ్యాహ్నం, బారులో రద్దీ లేని సమయంలో, రోజూ వచ్చే ఏడుగురిని అడిగి ఒక పరీక్ష పెట్టాను. మూడు కంపెనీల స్ట్రాంగ్ బీర్లను రంగు, నురుగు కనిపించకుండా స్టీలు గ్లాసుల్లో పోసి, మీ బ్రాండు ఏదో చెప్పమన్నాను. ఇద్దరు మాత్రమే సరిగా చెప్పారు. ఇరవై ఏళ్లుగా ఒకే బ్రాండు తాగే ఒక పెద్దమనిషి సరిగ్గా తన బ్రాండునే పక్కకు నెట్టి, ఇది నీళ్లలా ఉందన్నాడు. ఇది మన ఊరివాళ్ల లోపం కాదు. 1964లో ఆలిసన్, ఉల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు లేబుళ్లు తీసేసిన సీసాలతో ఇలాగే పరీక్షిస్తే, అక్కడి బీరు ప్రియులు కూడా తమ బ్రాండును గుర్తుపట్టలేకపోయారు. లేబుల్ అతికించి ఇచ్చినప్పుడు మాత్రం తమ బ్రాండుకే ఎక్కువ మార్కులు వేశారు. పైగా మనవాళ్లు బీరును ఎలా తాగుతారో ఆలోచించండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో వచ్చిన మనిషి మొదట అడిగేది బ్రాండు కాదు, కూలింగ్ ఉందా అని. మంచుగడ్డలా చల్లబడిన బీరులో నాలుకకు చల్లదనం తప్ప మరేమీ అందదు. మొలకెత్తించిన ధాన్యం, అంటే మాల్టు తీపి, హాప్స్ అనే పూల చేదు, పులియబెట్టే ఈస్ట్ వాసన అన్నీ ఆ చల్లదనం కింద అణగిపోతాయి. బీరు కాస్త వెచ్చబడ్డాక తాగితే తేడాలు తెలుస్తాయి, కాని విజయవాడలో వెచ్చబడిన బీరును బల్ల మీద పెడితే కస్టమర్ లేచి వెళ్లిపోతాడు.

అభిమానం వెనుక నిజంగా ఉన్నదేమిటో మన రాష్ట్రంలో అందరికీ ఒకేసారి తెలిసిన కాలం ఒకటి ఉంది. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. ఆ అయిదేళ్లలో చాలామందికి అలవాటైన బ్రాండ్లు నెలల తరబడి కనిపించలేదు, అంతకు ముందు ఎవరూ వినని పేర్లు అరల నిండా కనిపించాయి. దాని రాజకీయాల జోలికి నేను వెళ్లను, అది ఇక్కడ మన విషయం కాదు. నేను చూసింది మాత్రం చెబుతాను. మొదటి వారం జనం అలిగారు. ఈ పేరు తాగితే ఏమవుతుందోనని భయపడ్డారు. కొందరు కోదాడ వైపు వెళ్లి తెలంగాణ సీసాలు తెచ్చుకుని చెక్‌పోస్టు దగ్గర పట్టుబడ్డారు. రెండో నెలకు చాలామంది దొరికినదానిని తాగడం మొదలుపెట్టారు. ఆరు నెలలకు కొత్త పేర్లలోనే ఒకదానిని తమ బ్రాండుగా చేసుకుని, అది లేకపోతే కూర్చోమని అన్నవాళ్లు కూడా ఉన్నారు. 2024 అక్టోబరు 16న 3,396 ప్రైవేటు దుకాణాలు తెరుచుకుని పాత పేర్లు తిరిగి వచ్చినప్పుడు ఎక్కువమంది పాత చోటికే వెళ్లిపోయారు, కొందరు వెళ్లలేదు. కళ్ల ముందు ఉన్నది అలవాటు అవుతుంది, అలవాటైనది అభిమానం అవుతుంది. అందువల్ల కళ్ల ముందు ఏది ఉండాలో నిర్ణయించేవాడి చేతిలోనే అభిమానం ఉంటుంది. పెద్ద కంపెనీలకు ఈ సంగతి మనకంటే చాలా ముందే తెలుసు.

ఇప్పుడు మీ స్నేహితుల వాదనకు వద్దాం. పెద్ద కంపెనీ కొంటే రుచి చెడిపోతుందన్నది ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా జరిగింది. షికాగోలో జాన్ హాల్ 1988లో స్థాపించిన చిన్న బ్రూవరీ గూస్ ఐలాండ్‌ను ఏబీ ఇన్‌బెవ్ 2011లో 3.88 కోట్ల డాలర్లకు కొన్నది. అందులో 312 అనే గోధుమ బీరు ఉంది. 312 అంటే షికాగో నగరపు టెలిఫోన్ కోడ్. కొనుగోలు తర్వాత, ఊరి కోడ్‌ను పేరుగా పెట్టుకున్న ఆ బీరును న్యూయార్క్ రాష్ట్రంలోని పెద్ద ఫ్యాక్టరీలో కాయడం మొదలుపెట్టారు. దానిని ఎవరైనా చెడ్డ బీరు అనగలరా అంటే, అనలేరు. పెద్ద ఫ్యాక్టరీలో ప్రతి బ్యాచ్‌ను ప్రయోగశాలలో పరీక్షిస్తారు, సీసాలోకి గాలి చొరబడకుండా నింపే యంత్రాలు ఉంటాయి, ఈ నెల సీసాకూ వచ్చే నెల సీసాకూ తేడా రాదు. చిన్న బ్రూవరీలో పనిచేసే ఎవరిని అడిగినా వాళ్లకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది సరిగ్గా ఈ నిలకడ లేకపోవడమేనని చెబుతారు. షికాగో వాళ్లకు పోయింది రుచి కాదు, ఈ బీరు మా ఊళ్లో కాస్తారు అన్న మాటలోని నిజం.

రుచే మారిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలోని కొలరాడోలో న్యూ బెల్జియం అనే బ్రూవరీ ఉంది. ఒకప్పుడు అక్కడి ఉద్యోగులే దానికి యజమానులు. 2019లో అది జపాన్ కిరిన్ సంస్థ చేతిలోకి వెళ్లింది. దానికి పేరు తెచ్చిన ఫ్యాట్ టైర్ అనే బీరును 2023లో రంగు, రుచి తేలికచేసి మార్చేశారు. పాత కస్టమర్లు బాధపడ్డారు. కాని మార్చడానికి కారణం లోభం ఒక్కటే కాదు, ఆ బీరు అమ్మకాలు అంతకు ముందు నుంచే తగ్గుతూ వచ్చాయి. నష్టం ఇంకా ముందుకు వెళ్లిన సందర్భం శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీది. 1896 నాటి ఆ సంస్థ మూతపడబోతున్న సమయంలో, 1965లో, ఫ్రిట్జ్ మేటాగ్ అనే యువకుడు దానిలో వాటా కొని నిలబెట్టాడు. అమెరికాలో క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీలు తమ పద్ధతిలో కాసే బీరు ఉద్యమానికి అదే మొదలని చాలామంది అంటారు. 2017లో దానిని జపాన్ సప్పోరో కొన్నది, 2023 జూలైలో మూసేసింది. తర్వాతి ఏడాది మరొక వ్యాపారవేత్త దానిని కొన్నారు గాని, ఒకసారి ఆరిన పొయ్యిని మళ్లీ వెలిగించడం ఎంత కష్టమో మీరు ఊహించుకోవచ్చు. దీనికి పూర్తిగా విరుద్ధంగా లండన్ చిజిక్‌లోని ఫుల్లర్స్ ఉంది. 2019లో జపాన్ అసాహి 25 కోట్ల పౌండ్లకు ఆ బ్రూవరీ వ్యాపారాన్ని తీసుకున్నది. లండన్ ప్రైడ్ బీరును ఇప్పటికీ అదే ఆవరణలో కాస్తున్నారు. కాని అదే అసాహి చేతిలో ఉన్న డార్క్ స్టార్, మీన్‌టైమ్ అనే చిన్న బ్రూవరీల సొంత ఫ్యాక్టరీలు మూతపడి, వాటి బీర్లు కూడా చివరికి చిజిక్ చేరాయి.

ఈ ఉదాహరణలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది. కొన్న రోజున ఎవరూ రుచిని చెడగొట్టరు, ఎందుకంటే వాళ్లు డబ్బు పోసింది ఆ రుచికే. అయిదారేళ్ల తర్వాత, ఖర్చుల లెక్కలు చూసేవాళ్లకు ఆ ఊరి మీద ప్రత్యేకమైన ప్రేమ లేనప్పుడు, ఏ ఫ్యాక్టరీని ఉంచాలి, దేనిని మూయాలి అన్న నిర్ణయం దూరం నుంచి జరుగుతుంది. మన దగ్గర 1993లో రమేశ్ చౌహాన్ తన కూల్‌డ్రింకులను కోకాకోలాకు అమ్మినప్పుడు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. థమ్సప్ బతికింది, ముఖ్యంగా మన తెలుగు జిల్లాల్లో జనం దానిని వదలలేదు కాబట్టి బతికింది. అదే బేరంలో వెళ్లిన గోల్డ్‌స్పాట్ మాయమైంది. రెండిటినీ కొన్నది ఒకే చెయ్యి.

ఇక నేను మొదట చెప్పిన ఫ్రిజ్ విషయం. అసలు సమాధానం ఇక్కడే ఉందని నా నమ్మకం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మా బారులో మూడు నిలువు ఫ్రిజ్‌లు ఉండేవి. వాటిలో రెండింటిని ఒక పెద్ద కంపెనీ ఉచితంగా ఇచ్చింది, పేరు ఇక్కడ అనవసరం. మరమ్మతు వాళ్లదే, తలుపు మీద రంగుల బొమ్మ వాళ్లదే. కాగితం మీద ఎక్కడా రాయకపోయినా, వాటిలో వేరే కంపెనీ సీసా కనిపిస్తే నెలాఖరున వచ్చే మనిషి ముఖం మారేది, తర్వాతి నెల మాకు రావలసిన ప్రోత్సాహకాలు ఆలస్యమయ్యేవి. మూడో ఫ్రిజ్ మాది, కాని అందులో నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకులు, పెరుగు కూడా పెట్టుకోవాలి. 2017 ప్రాంతంలో ఒక చిన్న కంపెనీ గోధుమ బీరు తయారుచేసి ప్రభుత్వ మద్యం డిపోకు పంపింది. ఆ కంపెనీ తరఫున వచ్చిన కుర్రవాడు చాలా శ్రద్ధ గలవాడు. మా వెయిటర్లను కూర్చోబెట్టి, దీనిని ఎలా పోయాలో, అడుగున ఉన్న ఈస్ట్‌ను ఎలా కలపాలో నేర్పించాడు. నేను పది కేసులు తెప్పించాను. రెండు వారాలు ఫ్రిజ్‌లో ఒక అర ఇచ్చాను. తర్వాత వేసవి వచ్చింది, స్ట్రాంగ్ బీరు కేసులకు చోటు చాలక, ఆ సీసాలను మేడ మీద రేకుల గదిలోకి పంపించాను. ఆ గదిలో మధ్యాహ్నం చెయ్యి పెట్టలేము. నెలన్నర తర్వాత ఒక కస్టమర్ అడిగితే తీసి ఇచ్చాను. తడిసిన అట్టపెట్టె వాసన వస్తున్నదని ఆయన సగం గ్లాసు వదిలేశాడు. బీరులోకి చేరిన కొద్దిపాటి గాలి వేడికి చేసే పని అదే, హాప్స్ సువాసన ముందు పోతుంది, ఆ తర్వాత అట్ట రుచి వస్తుంది. మిగిలిన సీసాలు పారబోశాం. ఆ కుర్రవాడు మళ్లీ వచ్చి, మీ ఊళ్లో జనానికి ఈ రుచి నచ్చలేదా సార్ అని అడిగాడు. నచ్చకపోవడం కాదు, వాళ్లకు అసలు బీరు చేరనేలేదు. దానిని రేకుల గదిలో పెట్టింది నేను. ఆ బీరు తర్వాత ఏడాదికి విజయవాడలో కనిపించలేదు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

ఇదే పని పెద్ద స్థాయిలో ఎలా జరుగుతుందో చూడండి. అమెరికాలో 1933లో మద్య నిషేధం ఎత్తేసిన తర్వాత, బీరు కాసేవాడు వేరు, టోకుగా పంచేవాడు వేరు, చిల్లరగా అమ్మేవాడు వేరు అనే పద్ధతి పెట్టారు. కాసేవాడే బారును శాసించకూడదన్నది దాని ఉద్దేశం. 2015లో ఏబీ ఇన్‌బెవ్, తమ అమ్మకాల్లో 98 శాతం తన బ్రాండ్లే ఉండేలా చూసుకున్న పంపిణీదారులకు ప్రచార ఖర్చుల్లో పెద్ద మొత్తం తిరిగి ఇస్తామని పథకం పెట్టింది. మిగిలిన రెండు శాతంలోనే ఊళ్లోని చిన్న బ్రూవరీలన్నీ సర్దుకోవాలన్నమాట. మరుసటి ఏడాది శాబ్‌మిల్లర్ కొనుగోలుకు అనుమతి ఇచ్చేటప్పుడు అక్కడి న్యాయశాఖ ఇలాంటి పథకాలను అడ్డుకుంటూ షరతు విధించవలసి వచ్చింది. ఇప్పుడు ఆలోచించండి: గూస్ ఐలాండ్ లాంటి పేరున్న క్రాఫ్ట్ బ్రాండు తన చేతిలో ఉంటే, పంపిణీదారుడి దగ్గరికి వెళ్లి, మీ కస్టమర్లకు క్రాఫ్ట్ బీరు కావాలి కదా, అది కూడా మా దగ్గరే ఉంది, ఇంకొకరి దగ్గరికి వెళ్లే పనేముంది అని చెప్పవచ్చు. చిన్న బ్రాండును కొనడం వల్ల పెద్ద కంపెనీకి కలిగే అసలు లాభం ఇదే. బ్రిటన్‌లో పబ్బులు బ్రూవరీల సొంతమై ఉండేవి, ఆ పబ్బులో యజమాని బీరే అమ్మాలి. 1989లో అక్కడి ప్రభుత్వం 2,000కు మించి పబ్బులున్న బ్రూవరీలకు పరిమితి విధించింది. బ్రూవరీలు పబ్బులను అమ్మేశాయి, కాని కొన్నవి కొత్త పబ్ కంపెనీలే కావడంతో పబ్బు నడిపేవాడి స్వేచ్ఛ ఆశించినంత పెరగలేదు. ఈ పోరాటం అక్కడ కొత్తది కాదు. 1971లో నలుగురు యువకులు ఒక ప్రయాణంలో ఉండగా అనుకుని, పీపాలోనే పక్వమయ్యే సంప్రదాయ బీరును కాపాడడానికి కామ్రా అనే వినియోగదారుల సంస్థను మొదలుపెట్టారు. తాగేవాళ్లే సంఘంగా ఏర్పడి పెద్ద బ్రూవరీల చేత మాట వినిపించుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

మన దగ్గర ఫ్రిజ్ కంటే ముందు మరొక తలుపు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని బీరు కంపెనీ నేరుగా బారుకు అమ్మడానికి వీల్లేదు, ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపోకే అమ్మాలి. ప్రతి బ్రాండును, ప్రతి లేబుల్‌ను ప్రతి రాష్ట్రంలో విడివిడిగా నమోదు చేయించుకుని రుసుము కట్టాలి, ధరను ప్రభుత్వం ఆమోదించాలి, డబ్బు వచ్చేదాకా ఆగాలి. వంద లేబుళ్లున్న కంపెనీకి ఇది ఒక విభాగం చేసే పని, ఒక్క లేబుల్ ఉన్న కంపెనీకి ఇది ప్రాణసంకటం. బీరా 91 కంపెనీ తన పేరులోంచి ప్రైవేట్ అనే ఒక్క మాటను తీసేసినందుకు, రాష్ట్రాల వారీగా లేబుళ్లన్నీ మళ్లీ నమోదు చేయించుకోవలసి వచ్చి, నెలల తరబడి అమ్మకాలు దెబ్బతిన్నాయి. మరోవైపు 2025 జనవరిలో, బకాయిలు రాలేదని, ధర పెంచలేదని యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపేస్తే, తర్వాతి నెలలో బీర్ల ధరను 15 శాతం పెంచారు. పెద్ద కంపెనీకి రాష్ట్రంతో అలా తలపడగల బలం ఉంటుంది, చిన్నవాడు ఆ మాట అంటే రేపటి నుంచి అతనే ఉండడు. ఆ బలం అన్నిసార్లూ న్యాయంగా వాడలేదు కూడా. 2021 సెప్టెంబరులో, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్, పెద్ద బీరు కంపెనీలు 2009 నుంచి 2018 దాకా కూడబలుక్కుని ధరలు నిర్ణయించుకున్నాయని తేల్చి, యునైటెడ్ బ్రూవరీస్‌కు ₹750 కోట్లకు పైగా, కార్ల్స్‌బర్గ్ ఇండియాకు సుమారు ₹120 కోట్లు జరిమానా వేసింది. ఏబీ ఇన్‌బెవ్ ముందుగా వివరాలు ఇచ్చినందున దానికి జరిమానా మినహాయించారు. ఆ తీర్పులోని రాష్ట్రాల్లో మనదీ ఉంది. పైకి మూడు బ్రాండ్ల అభిమానులు పోట్లాడుకుంటూ ఉంటే, వెనుక మూడు కంపెనీలూ ఒక మాట మీద ఉన్నాయన్నమాట.

అమ్ముకున్న యజమానిని తిట్టడం మాత్రం నాకు నచ్చదు. స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులకు అప్పు, పెట్టుబడిదారుల ఒత్తిడి, తర్వాతి తరానికి ఆసక్తి లేకపోవడం, ఇవి మన దగ్గర రైస్ మిల్లు అమ్ముకున్న వాళ్ల ఇళ్లలో ఉండే కారణాలే.

కాబట్టి మీరు మానేయాలా అంటే, నా సలహా ఇది. ఆ బీరు ఇంకా బెంగళూరులో ఆ పబ్బు ట్యాంకుల్లోనే కాస్తున్నంత కాలం, కాసే మనిషి మారనంత కాలం, మీకు రుచి నచ్చుతున్నంత కాలం నిశ్చింతగా తాగండి. అందులో తప్పు లేదు. కాని నెలకు ఒకసారైనా, ఇంకా ఎవరూ కొనని బ్రూవరీకి వెళ్లి కూర్చోండి, ఎందుకంటే మీ డబ్బు అవసరమైనది అక్కడ. సొంతంగా బీరు కాసి అమ్మే డూలాలీ 2009లో పుణేలో, టాయిట్ 2010లో బెంగళూరులో మొదలైనప్పుడు, తాజా బీరుకు ఎక్కువ ధర ఇచ్చి మళ్లీ మళ్లీ వచ్చిన కస్టమర్ల వల్లనే దేశంలో ఈ వ్యాపారం నిలబడింది. వెయిటర్‌ను, ఇది ఎక్కడ కాసినది, ఏ రోజు కాసినది అని అడగండి. సమాధానం తెలియకపోయినా అతను లోపలికి వెళ్లి కనుక్కుంటాడు. పది మంది అడిగితే మేనేజరుకు విషయం చేరుతుంది, మేనేజరుగా పనిచేసినవాడిని కాబట్టి ఈ మాట చెప్పగలను. అర ఎవరికి ఇవ్వాలో మేము నిర్ణయించేది, గత వారం ఎంతమంది అడిగారన్న లెక్కను బట్టే. ఆ గోధుమ బీరును మా బారులో ఆ రెండు వారాల్లో ఇంకో పదిమంది అడిగి ఉంటే దానిని నేను మేడ మీదికి పంపేవాడిని కాదు.

మీ స్నేహితులకు ఒక మాట చెప్పండి. కొనుగోలు వార్త వచ్చిన రోజున ఒక బీరును మానేసి, దాని బదులు అదే పెద్ద కంపెనీకి చెందిన మరొక సీసాను తాగడం నేను చాలాసార్లు చూశాను. లేబుల్ వెనుక చిన్న అక్షరాల్లో తయారీదారు పేరు, ఫ్యాక్టరీ ఉన్న ఊరు ఉంటాయి. బహిష్కరించదలచుకుంటే ముందు దానిని చదవాలి.

బాబాయిగారి విషయంలో మీరు చేయవలసింది తక్కువ. ఆయన సీసా ఎన్ని చేతులు మారిందో చెప్పండి, వినడానికి ఆయనకూ ఆసక్తిగా ఉంటుంది, కాని బ్రాండు మార్చమని ఒత్తిడి చేయకండి. ఈసారి గుంటూరు వచ్చినప్పుడు దుకాణంలో నాకౌట్ అడిగి, లేబుల్ మీద తయారీ తేదీ చూసి, రెండు నెలల లోపు సీసా ఇవ్వమనండి. అద్దాల పెట్టెలో ట్యూబులైటు కింద నిలబెట్టిన సీసా వద్దని, లోపలి కేసులోది కావాలని చెప్పండి. వెలుతురు తగిలిన బీరుకు ఒక దుర్వాసన వస్తుంది, ముదురు గోధుమ రంగు సీసా దానిని కొంతవరకే ఆపుతుంది. ఫ్రీజర్‌లో కాకుండా ఫ్రిజ్ కింది అరలో రెండు గంటలు ఉంచి, స్టీలు గ్లాసు కాకుండా గాజు గ్లాసులో పోసి ఇవ్వండి. ముప్పై ఏళ్లుగా తాగుతున్న తన బీరును ఆయన ఇంత తాజాగా ఎన్నడూ రుచి చూసి ఉండకపోవచ్చు.